అద్దం ఇవతల మైకమ్మ

మిల్లులో ఆవిడని అందరూ మైకమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండాలిగానీ, ఆ పట్టీ రాసే గుమాస్తా కూడా మైకమ్మా అనే పిలిచేవాడు. ముప్ఫయి ఏళ్ళు మగ్గాల రొదలో నిలబడ్డ మనిషికి చెవులు సగం పోయాయి. తన గొంతు తనకే వినపడని వాళ్ళు గొంతు పెంచకుండా ఎలా ఉంటారు? ఆవిడ పక్కింట్లో ఉప్పడిగితే వీధి చివరివాళ్ళు కూడా తలో గిన్నెడు తెచ్చిస్తారని ఒక హాస్యం ప్రచారంలో ఉండేది. దాన్ని పుట్టించింది మరెవరో కాదు, ఆవిడ భర్తే. ఆయన అదే మిల్లులో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ.

విచిత్రమేమిటంటే, షెడ్డు లోపల అడుగు పెట్టాక మైకమ్మ నోట్లోంచి చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు. రెండు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ప్రయోజనం లేదు. అందుకని నేతవాళ్ళు పెదవులతోనే మాట్లాడుకుంటారు. మాటని పెదవుల మీద సాగదీసి, విడదీసి, అవతలివాళ్ళు కళ్ళతో వినేలా చెప్తారు. అది చాలనప్పుడు సైగలున్నాయి. దారం తెగిందంటే ఒకటి, సూపర్‌వైజరు వస్తున్నాడంటే ఒకటి. అన్నిటిలోకీ బరువైన సైగ వేరే ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేక బయటికి వెళ్ళాల్సి వస్తే, పక్క మనిషి కుడిచేత్తో తన ఎడమ భుజాన్ని రెండుసార్లు తడుతుంది. నువ్వెళ్ళు, నీ మగ్గాలు నేను చూసుకుంటానని దానర్థం. ఇక తన నాలుగు మగ్గాలూ, వాళ్ళ నాలుగూ కలిపి ఎనిమిదింటి మీదా కన్నెయ్యాలి. కాబట్టి షెడ్డులో ఎవరూ ఊరికే భుజం తట్టరు. మైకమ్మ మాత్రం లెక్కలేనన్నిసార్లు తట్టింది, ఒక్కసారి కూడా మాట తప్పలేదు. నమ్మకపోతే షెడ్డులో ఎవరినైనా అడగవచ్చు.

ఆవిడకింకో అలవాటుంది. పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళేముందు బైబిలు తెరిచి ఒక కీర్తన చదువుకునేది. ఆ రోజంతా మగ్గాల మధ్య తిరుగుతూ దాన్నే పెదవుల మీద చెప్పుకునేది. అలా ముప్ఫయి ఏళ్ళలో కీర్తనలు సగానికి సగం కంఠతా వచ్చాయి. ఎదుటి వరసలో వాళ్ళకి కూడా వచ్చేసుండాలి, రోజూ చూస్తూనే ఉండేవారు కదా.

గుడిలో వాక్యం చదవడమంటే ఆవిడకి ప్రాణం. కానీ మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, చదవడం మొదలుపెట్టిన రెండో నిమిషంలో ఉయ్యాల్లో పిల్ల ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది. కుర్రకారు కిసుక్కుమన్నారు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు మెత్తగా, "అమ్మా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, చదవడానికి పిల్లలున్నారుగా" అన్నారు. ఆయన మంచివాడే. కానీ మంచివాళ్ళు మెత్తగా అన్న మాట మరీ లోతుగా దిగుతుంది. మైకమ్మ ఆ తర్వాత చివరి బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మళ్ళీ ఎవరూ పిలవలేదు, ఆవిడా అడగలేదు.

అది జరిగిన మూడో ఏట ఊరి మీద ఊపిరితిత్తుల జ్వరం పడింది. అంటువ్యాధి. తలుపులు మూసుకున్నాయి, ఎదురుపడ్డవాళ్ళు దగ్గితే జనం రోడ్డు దాటి అవతలికి పోతున్నారు. మిల్లు మూశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఒకే షెడ్డులో పనిచేసే పదకొండుమందిని ఒకే వారంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళలో మిస్త్రీ ఒకడు.

లోపలికి ఎవరినీ రానివ్వరు. ఫోనులో మాట్లాడదామంటే ఆయన మూతికి ఆక్సిజన్ మాస్కు, ఈవిడకి ఫోను చెవిన పెట్టుకుంటే జోరీగ రొద తప్ప ఏమీ వినపడదు. నాలుగో రోజు పెద్ద నర్సు ఫోను చేస్తే కూతురు మాట్లాడింది. ఫోను పెట్టేసి, తల్లికి కనపడేలా ఎదురుగా నిలబడి, పెదవులు విడదీసి మరీ చెప్పింది.

"నాన్న మాస్కు పీకేస్తున్నారంటమ్మా. భయంతో. ఊపిరాడట్లేదని పీకేస్తున్నారు, పీకితే అసలే ఆడదు. ఇలాగే ఉంటే చేతులు మంచానికి కట్టేస్తారంట."

చేతులు కట్టేస్తారా? మూతికి మాస్కు, చేతులకి కట్లు. షెడ్డు మనిషికి ఇంకేం మిగిలింది, మాట్లాడ్డానికి?

"ఆ గదికి కిటికీ ఉందేమో అడుగు" అంది. ఆ మాట వీధి మొత్తానికి వినపడింది.

కిటికీ ఉంది. ఆ గది ఒకప్పుడు ఆసుపత్రి భోజనాల హాలు. ఆవరణ వైపు గోడంతా నిలువెత్తు అద్దాలు, ఇప్పుడు వాటి అంచులన్నీ టేపు వేసి బిగించారు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా, అంటే షిఫ్టు సైరన్ మోగే వేళకి, మైకమ్మ ఆ అద్దం ముందు నిలబడింది. లోపల పదకొండు మంచాలు. మూడో మంచం మీద ఆయన. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, దిక్కులు చూస్తున్నాడు. మైకమ్మ పెదవులు కదిలించింది. ఆయన గుడ్లప్పగించి చూశాడు తప్ప ఉలకలేదు పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, తన మూతికి కూడా గుడ్డ ఉందని! ఇన్నేళ్ళూ పెదవులతో బతికిన మనిషి, పెదవులు కప్పుకుని మాట్లాడటానికి వచ్చింది.

విప్పబోయేసరికి కాపలాదారు కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, చదువుకున్నదానిలా ఉన్నావు, బోర్డు కనపడట్లా? మూతి కప్పుకో!"

"కప్పుకుంటే నా మొగుడికి వినపడదు బాబూ!"

ఆ అరుపుకి పైఅంతస్తు కిటికీలోంచి ఎవరో తొంగిచూశారు. పెద్ద నర్సు బయటికి వచ్చింది. రెండు రాత్రులు నిద్రలేని ముఖం. విషయం వింది. జేబులోంచి సుద్దముక్క తీసి, అద్దానికి ఎదురుగా, మనుషులు తిరిగే దారికి దూరంగా నేల మీద ఒక చదరం గీసి, ఆవిడకి వినపడేలా గొంతు పెంచి చెప్పింది. "ఇందులో నిలబడినంతసేపూ తియ్యండి. గీత దాటితే మాత్రం నేనే పంపించేస్తాను. ఎంతసేపు కావాలి?"

"కీర్తన చదివేంతసేపు" అంది మైకమ్మ.

ఆవిడ ఎంచుకున్నది కాపరి కీర్తన, దేవుడే నా కాపరి అని మొదలయ్యేది. కానీ మొదటి మాట దగ్గరే చిక్కొచ్చింది. గ్రంథంలో ఉన్న పెద్ద పెద్ద మాటలు పెదవుల మీద కుదురుగా కూర్చోవు. అసలే భయంలో ఉన్న మనిషికి అవి అందవు. అందుకని షెడ్డు మాటల్లోకి దించుకుంది. చీకటి లోయలో నడుస్తున్నా, భయం లేదు, నువ్వు పక్కనే ఉన్నావు. అంత చిన్నగా. మరి కాపరి అన్న మాటకి? ఆలోచించకుండానే ఆవిడ కుడిచెయ్యి లేచి ఎడమ భుజాన్ని రెండుసార్లు తట్టింది.

నువ్వెళ్ళి పడుకో. నీ మగ్గాలు ఆ కాపరి చూసుకుంటాడు.

మాస్కు దగ్గరికి వెళ్తున్న మిస్త్రీ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. చాలాసేపు గాల్లోనే ఉంది. ఆ తర్వాత నెమ్మదిగా దిగి ఎడమ భుజం మీద వాలింది. ఆ పూట ఆయన మాస్కు పీకలేదు.

ఇంటికి వచ్చాక మైకమ్మకి కొత్త భయం పట్టుకుంది. వాక్యాన్ని మార్చడం పాపం కదా? కూతురి చేత పాస్టరుగారికి ఫోను చేయించింది. ఆయన అంతా విన్నారు. తర్వాత, "మీ అమ్మ దాన్ని మార్చలేదని చెప్పు తల్లీ. మోసుకెళ్ళిందని చెప్పు" అన్నారట.

రెండో రోజుకి మైకమ్మ ఒక సంగతి గమనించింది. చూస్తున్నది ఆయనొక్కడే కాదు. పదకొండుమందీ షెడ్డు మనుషులే, పదకొండుమందికీ పెదవులు చదవడం వచ్చు. అయిదో మంచం మీద యూనియన్ లీడరుండేవాడు. దేవుడి మాటెత్తితే చాలు గంటసేపు ఉపన్యాసం దంచే మనిషి. అతను నీళ్ళు తాగడానికి మాస్కు తీసిన అర నిమిషంలో పెదవులు కదిలించాడు. "దేవుడి సంగతి మనం తర్వాత తేల్చుకుందాం వదినా. రేపు కూడా రా."

వచ్చింది. పన్నెండు రోజులు, ఒక్క పూట తప్పకుండా. ఎండలో, రెండు రోజులు వానలో, సుద్ద గీత చెరిగిపోతే నర్సు మళ్ళీ గీసేది. ఏడింటికి ఆ హాల్లో ఎవరూ మాస్కు ముట్టుకోవడం లేదని డాక్టర్లు కూడా చెప్పుకున్నారు. అంతమాత్రాన అందరూ బతికారని కాదు. పదకొండో మంచం మీద ముసలి నేతగాడు, మైకమ్మకి చిన్నప్పుడు మొదటి ముడి వేయడం నేర్పినవాడు, ఎనిమిదో రోజున వెళ్ళిపోయాడు. ఆ ముందురోజు పొద్దున కీర్తన అయిపోయాక కూడా ఆయన చెయ్యి భుజం మీదే ఉంది. మైకమ్మ ఇంటికెళ్ళి కడుపారా ఏడ్చి, మర్నాడు మళ్ళీ ఏడింటికి వచ్చింది.

పదమూడో రోజున వచ్చి చూస్తే మూడో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది.

ఆవిడ పెదవులు విడిపడ్డాయి గానీ ఒక్క మాట రాలేదు. ముప్ఫయి ఏళ్ళుగా నోటికొచ్చిన కీర్తన, ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియలేదు. లోపల యూనియన్ లీడరు మాస్కు పక్కకి లాగి ఏదో గబగబా చెప్తున్నాడు. మిగతావాళ్ళు కూడా చెప్తున్నారు. ఏం లాభం? పెదవులు చదవాలంటే కళ్ళు కావాలి, ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. అద్దం అవతల అంతా అలుక్కుపోయినట్టుంది. చెవిటిదానికి గుడ్డితనం కూడా వచ్చిపడింది.

ఆ నీళ్ళలోంచి కూడా ఒకటి కనపడింది. అయిదో మంచం మీద ఒక చెయ్యి లేచింది. భుజాన్ని రెండుసార్లు తట్టింది. ఆ పక్కన ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. తొమ్మిది మంచాల మీద తొమ్మిది చేతులు, ఆగకుండా, భుజాలు తడుతూనే ఉన్నాయి.

మైకమ్మకి కాళ్ళ కింద నేల మళ్ళీ గట్టిపడింది. ఇన్నాళ్ళూ తాను ఇస్తున్నాననుకున్న మాట ఇప్పుడు తనకే వచ్చింది. ఆయన ఉన్నాడో లేడో ఇంకా తెలియదు. అయినా భయం చల్లబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చదరం మధ్యలో నిటారుగా నిలబడి, మొదటినుంచి చివరిదాకా కీర్తన చదివింది. కాపరి మాట దగ్గర తనూ భుజం తట్టింది. చివరి మాట దగ్గరుండగా హాలు అవతలి తలుపు తెరుచుకుంది. చక్రాల మంచం మీద ఆయన్ని లోపలికి తోసుకొచ్చారు. ఛాతీ ఎక్స్‌రే తీయడానికి తీసుకెళ్ళారట, అంతే. మూతికి మాస్కు ఉంది. చేతులు కట్టి లేవు. ఆవిడని చూసి, ఆలస్యమైందన్నట్టు తల ఆడించి, భుజం తట్టాడు.

ఇంటికొచ్చాక మిస్త్రీ ఊరుకుంటాడా? "ముప్ఫయి ఏళ్ళలో మొదటిసారి మా ఆవిడ చెప్పింది నోరు మూసుకుని విన్నానర్రా" అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆ మనిషి ఛాతీ రెండంగుళాలు పొంగేది, జబ్బుపడి లేచిన ఛాతీ అని కూడా చూసుకోకుండా.

గుడి తలుపులు తెరిచిన మొదటి ఆదివారం, వెనక బల్లలు నిండిపోయాయి. షెడ్డు మనుషులు. వాళ్ళ మధ్య యూనియన్ లీడరు, ఎవరైనా చూస్తే ఎలా అన్నట్టు తల వంచుకుని. పెద్ద నర్సు కూడా వచ్చింది. పాస్టరుగారు చివరి బల్ల దాకా నడిచి వచ్చి, మైకమ్మ చేతిలో గ్రంథం పెట్టారు.

ఆవిడ ముందుకెళ్ళి మొదలుపెట్టింది. గోడలు అదిరాయి. రెండో వాక్యానికి ఒళ్ళో పిల్లొకటి ఉలిక్కిపడి కెవ్వుమంది. మైకమ్మకి ఆ ఏడుపు వినపడలేదు గానీ తల్లి కంగారు కనపడింది. మూడేళ్ళ కిందటి ఆదివారం గుర్తొచ్చి ఆగిపోయింది. ఎవరైనా నవ్వుతున్నారా అని చూసింది. ఎవరూ నవ్వడం లేదు. పాస్టరుగారి వైపు చూసింది.

ఆయన నోరు తెరిచారు. గొంతు పెట్టి అనలేదు. పెదవులు విడదీసి, ఒక్కో మాటా సాగదీసి, ఎవరి దగ్గరో నేర్చుకుని వచ్చినట్టు తంటాలు పడుతూ చెప్పారు.

"ఇంకాస్త గట్టిగా చదవండమ్మా."

మైకమ్మ చదివింది. వీధి చివరి వాళ్ళు కూడా విన్నారు.