లక్క కరిగించే ముందు

ఇవాళ సాల్ట్ లేక్ పోస్టాఫీసులో గుమస్తా నా పార్సిల్ కుట్ల మీద లక్క కరిగించి ముద్రలు వేశాడు. ఆ ఘాటైన వాసన తగలగానే నాలుగేళ్ల మా పాప చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "దీదీ, రసీదు" అని అతను ఎన్నిసార్లు పిలిచాడో తెలియదు. ఇప్పుడు పాప నిద్రపోయింది. గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకుని వచ్చి ఇది రాస్తున్నాను.

ఆ వాసన నాకు కృపానందం గారి గదిది. హైకోర్టులో ప్రభుత్వం తరఫున దేశభద్రత కేసులు వాదించేవారాయన. ఆయన దగ్గర మూడేళ్లు జూనియర్‌గా పనిచేశాను. వాళ్ల నాన్నగారు లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. "కీర్తనలన్నీ నోటికొచ్చమ్మా. తెలుగు కాగితం చేతికిస్తే మాత్రం కళ్లు తేలేస్తాను" అని తన మీద తనే జోకు వేసుకునేవారు. అందుకే ఫైల్లో తెలుగు కాగితాలుంటే వాటి పూచీ నాది.

విచారణ లేకుండా నిర్బంధించిన మనుషుల కేసులవి. అసలు కారణాలుండే కాగితాలు సీలు వేసిన కవరులో జడ్జి చేతికి మాత్రమే వెళ్తాయి. అవతలి వకీలు వాటిని చూడడు. కాబట్టి కవరు మూసేముందు ఆఖరుగా చూసేది మేమిద్దరమే. లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగించి, ఆయన ప్రతిసారీ ఒకటే అడిగేవారు. "ఇందులో నీకు నచ్చంది ఏటుందమ్మా?" నేనేదో ఒకటి చెప్పేదాన్ని. తేదీ సరిగా పడలేదనో, పేజీ తిరగబడిందనో. "బాగుంది, ఇంకా ఏటి?" అనేవారు. నేను ఇక లేదనేదాకా కొవ్వొత్తి అలా వెలుగుతూ ఉండాల్సిందే.

బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో పనిచేసే ఒక తెలుగు కుర్రాణ్ని, ఆయిల్ డిపో ఫొటోలు ఎవరికో పంపాడన్న అనుమానంతో నిర్బంధించారు. ఎందుకు పట్టుకున్నారో అతనికి తెలిసిన భాషలో రాసివ్వాలని చట్టం. ఆ తెలుగు ప్రతి కవరులో ఉంది. అందినట్టుగా కింద వేలిముద్ర ఉంది. దాని వెనకే అతని గదిలో దొరికిన ఉత్తరం. గుండ్రటి దస్తూరీ, చివర సంతకం. అంత చక్కగా రాయగలిగినవాడు వేలిముద్ర ఎందుకు వేస్తాడు? నాకు వెంటనే తట్టింది. అప్పుడు పాప నా కడుపులో ఉంది, మూడో నెల. సర్కారు కాగితాన్ని తప్పుపట్టి ఉన్న పని పోగొట్టుకుంటే ఎలా అని భయం. ఆయన కొవ్వొత్తి వెలిగించి అడిగారు.

"ఏమీ లేదు సర్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి లక్క పోశారు. నిర్బంధం సరైనదేనని కోర్టు చెప్పింది.

అయిదు నెలల తర్వాత కోర్టు వరండాలో ఆ కుర్రాడి ముసలి తల్లి ఆయనకు అడ్డం వచ్చింది. "బాబూ, తెలుగోళ్లంట కదా. జైల్నుంచి మావోడు ఏటి రాసేడో సదివి పెట్టండి."

"నేను మీ వాడికి ఎదురుగా వాదించినోణ్నమ్మా."

"అయితే ఏటి? సదవడానికి కూడా ఎదురేనా?"

ఆయన ఉత్తరం నాకిచ్చారు. నేను పైకి చదివాను. 'అమ్మా, నన్నెందుకు తెచ్చారో ఇంకా ఎవరూ చెప్పలేదు. కాగితం ఏదీ ఇవ్వలేదు.' కింద అదే సంతకం. ఆయన ఆ సంతకం మీద వేలు పెట్టారు.

"మన కాగితం మీద వేలిముద్ర ఉంది కదూ?"

"ఉంది సర్."

"ఆ రోజే సూసేవా?"

"చూశాను."

ఆయన మర్నాడు కోర్టులో లేచి నిలబడి, ఆ కుర్రాడు తప్పు చేయలేదని తను అనడం లేదనీ, తను అందించిన కవరులోని ఒక కాగితం మాత్రం నమ్మదగ్గది కాదనీ చెప్పారు. అతన్ని వదిలేశారు. మిల్లు తిరిగి పనిలోకి తీసుకోలేదు. తల్లీకొడుకులు ఎటు వెళ్లారో తెలియదు. తర్వాతి ప్రభుత్వ న్యాయవాదుల జాబితాలో కృపానందం గారి పేరు లేదు. గది ఖాళీ చేసి లిలువా వెళ్లిపోయారు. ఆ గుమ్మంలోకి మళ్లీ ఒక్క ఫైలూ రాలేదు.

ఆయన పోయే ముందు ఒక్కసారి చూసి వచ్చాను, చంకలో పాపతో. బాగా చిక్కిపోయారు. క్షమాపణ అడగబోతే చెయ్యెత్తి ఆపారు. "నువ్వు సెప్పలేదని కోపం లేదమ్మా. అడిగినప్పుడు నీ మొహం సూసేను. భయపడతన్నావని తెలిసింది. తెలిసీ లక్క పోసేను. ఇంకొక్కసారి అడగాల్సింది."

తప్పు నాది. దాన్లో సగం ఆయన పట్టుకుపోయారు. నాకేమీ తేలిక కాలేదు.

ఇప్పుడు రోజూ పాపను పడుకోబెట్టే ముందు అడుగుతాను, ఆయన యాసలోనే. "ఇవాళ నీకు నచ్చంది ఏటమ్మా?" ఏమీ లేదంటే ఇంకొక్కసారి అడుగుతాను. ఈ రాత్రి మొదట ఏమీ లేదంది. మళ్లీ అడిగాను. దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి చూపించింది.

"పోస్టాఫీసులో నువ్వు గట్టిగా నొక్కేశావు. నొప్పేసింది."