పెద్దమ్మ వచ్చేదాకా బొమ్మలే

పోయిన వారం వేలూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, నాలుగేళ్ళ మనవరాలు కొత్త బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చుకుని నా ఒళ్ళో కూర్చుంది. నేను కళ్ళజోడు సవరించుకుని మొదటి వాక్యం అందుకోబోతుంటే, ఆ పిల్ల తన చిన్న అరచేతిని అక్షరాల మీద బోర్లించి, "చదవద్దు అవ్వా, ముందు బొమ్మలు చూద్దాం" అంది. ఆ మాటతో నా మనసు ఒక్క గెంతున గుడియాత్తంలోని మా పాత ఇంటికి వెళ్ళిపోయింది.

మాది లుంగీలు నేసే ఇల్లు. నాయన మగ్గం మీద కూర్చుంటే, అమ్మ పక్కనే రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్పేది అరవం; కాబట్టి మా వీధిలో తెలుగు గలగలా మాట్లాడని మనిషీ లేడు, తెలుగు అక్షరం గుర్తుపట్టే మనిషీ లేడు. ఆ పక్క పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. అలాంటి ఇంటికి నాయన ఒకసారి చిత్తూరు నుంచి నాకోసం తెలుగు బొమ్మల పుస్తకం తెచ్చాడు. చదివేదెవరని అమ్మ అడిగితే, పరదరామిలో ఉండే పెద్దమ్మ వచ్చినప్పుడు చదువుతుందిలే అన్నాడు. పెద్దమ్మ చిత్తూరు వైపు బడిలో చదువుకున్న మనిషి. అయితే వాళ్ళ చేలో వేరుశనగ పని ముగిస్తేగానీ ఆమె బస్సెక్కదు.

అంతవరకూ ఆగడం నావల్ల అయ్యే పనేనా? అమ్మ రాట్నం ఆపిన ప్రతిసారీ నేను పుస్తకంతో వెళ్ళి ఆమె ముందు కూర్చునేదాన్ని. అట్టమీద ఎర్ర చుక్కల కోక కట్టిన ముసలామె, ఆమె చంకలో మేకపిల్ల. లోపల ఆ ఇద్దరూ గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో ఏరు దాటుతుంటారు, గాలి లేస్తుంది, వాన పడుతుంది. ముసలామె మేకను అమ్మడానికి పోతోందని నేను, కాదు, మందుకోసం వైద్యం చేసే ఆచారి దగ్గరికి తీసుకుపోతోందని అమ్మ. అరుగు మీద బీడీలు చుట్టే పక్కింటి అత్త మాత్రం అది దొంగిలించిన మేకేనని తేల్చేసింది. రోజుకొక కొత్త కథ పుట్టేది. అన్నం తింటున్నా నా ధ్యాసంతా ఆ ఏటి మీదే ఉండేది.

కానీ చివరి రెండు బొమ్మల దగ్గరికి వచ్చేసరికి నా కథలన్నీ ఆగిపోయేవి. ఒకదానిలో పుట్టి బోర్లా పడి ఉంది. తరువాతి దానిలో ఒక గుడిసె ముందు మేకపిల్ల ఒక్కటే నిలబడి ఉంది, ముసలామె లేదు. ఆమె ఏట్లో మునిగిపోయిందని ఒకరోజు నేను వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ నూలు చేతిలోనే పట్టుకుని వచ్చి ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"ఏడవద్దుమా. ఆ కంచె మీద చూడు, ఏముండాది?"

"ఎర్రగా ఏదో ఉండాది."

"చుక్కలు గూడా ఉండాయి గదా. ఆమె కోకే అది. తడిసిన కోక ఆరేసినారంటే, మనిషి లోపల ఉన్నట్టే."

నిజంగానే అది చుక్కల కోకే. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అయినా అమ్మ అన్నది నిజమేనా, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదా అనే అనుమానం మాత్రం పెద్దమ్మ వచ్చేదాకా పోలేదు.

చివరికి ఒక సాయంత్రం పెద్దమ్మ వేరుశనగ మూటతో దిగింది. కాళ్ళు కడుక్కోనివ్వకుండా పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. నాయన మగ్గం ఆపాడు, పక్కింటి అత్త బీడీల చేటతో సహా లోపలికి వచ్చేసింది. పెద్దమ్మ నిదానంగా వేలు పెట్టి చదివింది. ముసలామె బతికే ఉంది, గుడిసెలో చలి కాచుకుంటోంది. అమ్మ నావైపు చూసి నవ్వింది. అయితే మేము కలలో కూడా అనుకోని సంగతి మరొకటి ఉంది: ఆ మేక ముసలామెది కాదు. వరదకు కొట్టుకొచ్చిన మేకపిల్లను అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్న పాపకు అప్పగించడానికే ఆమె బయలుదేరింది; ఆ గుడిసె పాప వాళ్ళదే.

"పాప యాడుండాదక్కా, మేం చూడలేదే" అంది అమ్మ.

అందరం మళ్ళీ మొదటి నుంచి తిప్పాం. ఏరు ఉన్న ప్రతి బొమ్మలోనూ అవతలి ఒడ్డున, మేము ఇన్నాళ్ళూ చెట్టు మొద్దు అనుకున్నచోట, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక పాప నిలబడి ఉంది. "ఇదో, ఈడ గూడా ఉండాది" అని అమ్మ చిన్నపిల్లలాగా పేజీ పేజీకీ చూపిస్తుంటే మా ఇల్లంతా నవ్వులే.

ఆ మర్నాడే పెద్దమ్మ దగ్గర బలపం పట్టి అఆలు మొదలుపెట్టాను. ఆమె వచ్చినప్పుడల్లా కాసిని నేర్చుకుంటూ, మా వీధిలో తెలుగు చదవగలిగిన మొదటి పిల్లనయ్యాను. ఆ తరువాత ఏ పుస్తకం దొరికినా గుక్క తిప్పుకోకుండా చదివి అమ్మకు వినిపించేదాన్ని.

ఇప్పుడు గుడియాత్తంలో మా వీధిలో మగ్గాలు తగ్గిపోయాయి, మనవరాలి బీరువా నిండా పుస్తకాలున్నాయి, ఏ కథైనా ఫోను చదివి పెడుతుంది. ఎవరూ ఏ బస్సుకోసమూ కాచుకోనక్కరలేదు. కానీ మనవరాలు అక్షరాలు మూసినప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది: ఆ రోజుల్లో చదవడం వచ్చిన తరువాత నా కళ్ళు మొదట అక్షరాల మీదికే పోయేవి. నేను వాక్యం ముగించి పేజీ తిప్పబోతే, అమ్మ ఒక్కోసారి వేలు అడ్డం పెట్టి "ఉండుమా" అనేది. నేను ఉండేదాన్ని, కానీ ఆ బొమ్మలో ఆమె ఏం చూస్తోందో అడిగేదాన్ని కాదు. ఇప్పుడు అడగాలని ఉంది. అమ్మ లేదు.