వీధికి సంబంధం

మారతహళ్ళిలోని మా గది తలుపు కింద ఎవరో తోసి వెళ్ళిన ఎన్నికల కరపత్రం పచ్చి సిరా వాసన వేస్తోంది. ఆ వాసనకు జిగణిలోని మా పాత వీధి గుర్తుకు వచ్చింది.

నా చిన్నప్పుడు, ఆ వీధికి చాలా రోజులుగా నీళ్ళు రాని కాలమది. అమ్మ అటువంటి కరపత్రమే చేతపట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, అందులోని అభ్యర్థి ఉండే వీధికి వెళ్ళింది. కొళాయి దగ్గర ఒకామెను మెల్లగా అడిగింది: "ఆయప్ప ఎట్లాంటోడక్కా? నీళ్ళు రాలేదని పోతే తలుపు తీస్తాడా?"

"ఓట్లప్పుడు తీస్తాడు," అందామె.

మావాళ్ళు పెళ్ళి సంబంధాలకు ఇలాగే ఇరుగుపొరుగును విచారించేవారు. అప్పట్లో మా పిన్నికి సంబంధాలు చూస్తున్నారు. నాకు భయం వేసింది. "అమ్మా, ఆయప్ప ముసలోడు. పిన్నికి వద్దు."

"పిన్నికి కాదప్పా, మన వీధికి," అంది అమ్మ, నవ్వకుండా.

ఇప్పుడు ఈ కరపత్రంలోని అభ్యర్థి ఎన్నికల ప్రమాణపత్రాన్ని ఫోనులో పూర్తిగా చదివాను. ఆస్తులు, కేసులు, చదువు ఉన్నాయి. తలుపు సంగతి లేదు. చెప్పులు వేసుకుని ఆయన వీధికి బయలుదేరాను.