పక్క చేని రిమోట్

ఆ రోజు ఉదయం ఏడుంపావుకు చేలకు కరెంటు వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర, మేం వంక అనే చిన్న వాగు పక్కన, మా అన్న తన పసుపు చేలో మోటారు వేశాడు. అది ఆగి ఆగి తిరుగుతోందని రిమోట్ నొక్కి ఆపాడు. బోరు దగ్గర కూర్చుని కేబుల్ అతుకు మీది పాత టేపు విప్పాడు. అదే సమయంలో పక్క చేని చిన్నాయన తన మోటారు కోసం తన రిమోట్ నొక్కాడు. ఆ నొక్కుకు రెండు మోటార్ల స్టార్టర్లూ పడి, రెండింటికీ కరెంటు వచ్చింది. అన్న చేతిలో ఉన్నది విప్పిన తీగ.

జరిగింది ఇంతే. దీన్ని ఇంతకంటే అందంగా చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రభువు పిలుచుకున్నాడని సమాధి దగ్గర పాస్టరు గారు అన్నారు. ప్రభువుకు ఆ రిమోట్‌తో సంబంధం లేదు.

అంతకు కొన్ని నెలల ముందే అన్న నాకు ఫోనులో చెప్పాడు. "ఏమ్మే, నా మోటారు చిన్నాయన మాట గూడా ఇంటాంది. మీ వదినకంటే నయం, ఎవరు పిల్చినా పలుకుతాంది."

వెనక నుంచి వదిన అందుకుంది. "నేను పలకకుంటే నీకు కూడు యాడిది?"

నేను నవ్వాను. నంద్యాలలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పేదాన్ని, ఒక రిమోట్‌కు రెండు మోటార్లు ఎందుకు తిరుగుతాయని అడగలేదు. చిన్నాయన కూడా నవ్వాడట. ఆ నవ్వులకు నేను ఎవరినీ క్షమించలేదు, నన్ను కూడా.

తర్వాత మోటార్ల మెకానిక్ రెండు రిమోట్లనూ విప్పి నా ముందు పెట్టాడు. లోపల చిన్న చుక్కలు వరుసగా ఉన్నాయి. ఏ చుక్కలను టంకంతో కలుపుతామో దాన్ని బట్టి ఒక్కో రిమోట్‌కు ఒక్కో సంకేతం వస్తుంది. రెండింటిలోనూ అవే చుక్కలు కలిపి ఉన్నాయి. పైగా పెట్టె మీద రాసిన దూరం దాటి చాలా దూరం పోయే బలం వాటికి ఉందని చెప్పాడు.

రెండూ నంద్యాలలో ఒకే దుకాణంలో కొన్నవి. నేను అక్కడికి వెళ్లాను.

"ఏం మేడం, రిమోట్ పన్జేయలేదా?" అన్నాడు దుకాణదారు.

"చేసింది. రెండు మోటార్లకు చేసింది."

"మంచిదే గదా! ఒగరిది పోతే పక్కోళ్లది వాడుకుంటారు. రైతులే అట్ల అడుగుతాండారు. ఒక్కోదానికి ఒక్కో కోడు పెట్టుకుంటా కూచుంటే యాపారం అయితాదా?"

"మా అన్న చచ్చిపోయినాడు."

అతను రిమోట్ పెట్టె తిప్పి అనుమతి నంబరున్న స్టిక్కరు చూపించాడు. ఇలాంటి చిన్న రేడియో సాధనాలకు వాడేవాడు లైసెన్సు తీసుకోనక్కర్లేదు. కాని అది ఏ తరంగాల మీద, ఎంత బలంతో పంపుతుందో అమ్మకముందే పరీక్ష చేయించి, ఆ నమూనాకు అనుమతి పొందాలి. నేను అలమార నుంచి వైర్లెస్ కాలింగ్ బెల్లు ఒకటి, పాటలు వినే స్పీకరు ఒకటి తీశాను. రెండింటి మీదా రిమోట్ మీదున్న నంబరే ఉంది.

"ఇవి ఎవరు అంటించినారు?"

"అది లేకుంటే కొనరు మేడం."

"మా వంక పక్క చేలోళ్లలో ఎవరెవరికి అమ్మినావో చెప్పు. ఇప్పుడు గూడా ఎవరో ఒకరు అతుకు విప్పుతా కూర్చొని ఉంటారు."

"యాడ గుర్తుంటాది? సదువుకున్నోళ్లు, మీరే అర్థం చేసుకోవాల."

మెయిన్ స్విచ్ తీయకపోవడం మృతుడి అజాగ్రత్త అని కరెంటు ఆఫీసువాళ్లు రాశారు. తీయలేదు, నిజమే. ఆ స్విచ్ గట్టు చివర ఉంటుంది. అంత దూరం నడవక్కర్లేదని చెప్పి మరీ ఆ రిమోట్ అమ్మారు. రేడియో తరంగాల ఫిర్యాదు తీసుకునే చోట, అంతరాయం ఏ ప్రసారానికి కలిగిందని అడిగారు. మా అన్నకు కలిగిందని రాశాను. జవాబు రాలేదు.

అప్పుడు పేర్లు మేమే వెతుక్కోవాలనుకున్నాం. ఆదివారం ప్రార్థన కాగానే వదిన, నేను, చిన్నాయన చేల వెంట బయలుదేరాం. ఆ రిమోట్ చిన్నాయన చేతిలోనే ఉంది. ఆయన సరిగా తినడం మానేసి చాలా రోజులైంది. "నొక్కింది నేనే పాపా" అని దారిలో రెండుసార్లు అన్నాడు. కాదని నేను అనలేదు.

ప్రతి చేలోనూ ముందు బోరు దగ్గర ఎవరూ లేరని వదిన చూసి చెయ్యి ఊపేది. చిన్నాయన రిమోట్ నొక్కేవాడు. ఏడు చేలల్లో నాలుగింట స్టార్టరు టక్కుమని పడింది. మొదటి చేను రైతు తన మోటారు దానంతటదే తిరగడం చూసి, వెంటనే స్టార్టరుకు బిగించిన రిమోట్ పెట్టె ఊడదీశాడు. మూడో చేను రైతు మాత్రం గొణిగాడు.

"ఈ మోకాళ్లతో స్విచ్ కాడికి నేను రోజూ నడవాల్నా?"

"నడువు," అన్నాడు చిన్నాయన. "నడిస్తే మోకాళ్లే పోతాయి."

ఊడదీసిన పెట్టెలన్నీ సంచిలో వేసుకుని మర్నాడు నంద్యాల తెచ్చి దుకాణం కౌంటరు మీద పెట్టాను. వాడినవి వాపసు తీసుకోనన్నాడు. వాపసు అడగడానికి రాలేదని చెప్పి, వాటిని అక్కడే వదిలేసి వచ్చాను. అలమారలో కొత్తవి ఉన్నాయి. స్టిక్కర్లూ ఉన్నాయి. వాటి గురించి నేను రాసిన రెండో ఫిర్యాదుకు కూడా ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.

మా వంక పక్క చేలల్లో ఇప్పుడు ఎవరూ రిమోట్‌తో మోటారు వేయరు.