ఎవరు నేర్పారని మేమడిగిన ఆదివారం

ఏప్రిల్ 7, ఆదివారం, ఉదయం 8 గంటల 10 నిమిషాలు. విశ్వవిద్యాలయ హాస్టల్‌లో ఉంటూ పరిశోధన చేస్తున్న మా తమ్ముడు నరేశ్ ఎప్పటిలాగే తార్నాకలోని మా ఇంటికి టిఫిన్‌కు వచ్చాడు. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటతో తడిసిపోయాడు. ఆవులింతలు ఆగలేదు, ముక్కు కారుతూనే ఉంది. అమ్మ జలుబనుకొని కషాయం కాచింది. ఉక్కగా ఉంది, చొక్కా చేతులు మడుచుకొమ్మంటే మడుచుకోలేదు.

ఆ వారంలోనే అతని రూమ్మేట్ జోసెఫ్ నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అది జలుబు కాదు. నరేశ్‌ను డాక్టర్‌కు చూపియ్యాలె," అన్నాడు.

యూరిన్ టెస్ట్ చేశాక డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: "ఓపియాయిడ్ డిపెండెన్స్. మీరు ఇంట్లో చూసింది విత్‌డ్రాయల్, అలవాటైన మందు అందనప్పుడు శరీరం పడే బాధ." నొప్పి తగ్గించే మందును రెండేళ్లుగా నరంలోకి ఎక్కించుకుంటున్నాడు. మూడు వారాలు డీటాక్స్ వార్డులో ఉంచారు. ఆ తరువాత రోజూ ఉదయం ఓపీకి వెళ్లి, ఆ మందు కోసం తపన రాకుండా చేసే మాత్రను నర్సు ఎదుటే నాలుక కింద పెట్టుకోవాలి. జోసెఫ్ తన బండి మీద తీసుకెళ్లి, మాత్ర కరిగేదాకా పక్కనే కూర్చునేవాడు.

ఇంట్లో మాత్రం మందుల కన్నా కారణం గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. స్నేహాలే చెడగొట్టాయని అమ్మ. ఫెలోషిప్ డబ్బు చేతికి రావడంతో పాడయ్యాడని మేనమామ. థీసిస్‌ను ఏళ్ల తరబడి తిప్పి పంపిన గైడే కారణమని నేను. నరేశ్‌ను అడిగితే ఒకసారి మోకాలి నొప్పి అన్నాడు, ఇంకొకసారి నిద్ర పట్టకనే అన్నాడు. చివరికొక రోజు, "మొదటిసారి మంచిగనిపించిందన్నా. గంతే," అన్నాడు. అమ్మ అన్నిటికన్నా ఆ మాటకే ఎక్కువ ఏడ్చింది. అందులో తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

డాక్టర్ ముందే హెచ్చరించారు. "మొదలుపెట్టిన కారణం ఒకటి, మానలేకపోయే కారణం ఇంకొకటి. మొదటిది తర్వాత వెతుక్కోవచ్చు."

మా వాళ్లలో ఏదైనా చెడితే పెద్దమనుషులు కూర్చుని తప్పెవరిదో తేల్చాలి. అది తేలితే గాని ఎవరికీ అన్నం సయించదు. జూన్ 16, ఆదివారం, మేనమామ ఊరి నుంచి వచ్చి మా ముందరి గదిలో పంచాయితీ పెట్టాడు. జోసెఫ్‌ను పిలిపించాం.

"ఒక్క రూంల ఉంటిరి గద పిలగా. వీనికెవలు నేర్పిండ్రు?"

"నాకు తెల్వది కాకా. నేను ఆపనీకే చూసిన."

"ఆపెటోనివి ఇంట్ల చెప్పనీకి రెండేండ్లు పట్టిందా?"

నరేశ్ లేచి, "వాడు లేకుంటే నేనెప్పుడో సస్తుంటి మామా," అన్నాడు. ఆ మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. జోసెఫ్ ఇక మావాడిని కలవకూడదని, నరేశ్ హాస్టల్ ఖాళీ చేసి ఇంట్లోనే ఉండాలని తీర్మానమైంది. నేనూ సరేనన్నాను. ఆ పూట అందరం కడుపునిండా తిన్నాం.

ఓపీకి ఒక్కడే వెళ్తున్నాడనుకున్నాం. జూలైలోనే మానేశాడని తరువాత తెలిసింది. ఆగస్టు 22, గురువారం, ఉదయం పదకొండుకు అమ్మ బాత్రూం తలుపు ఎంత కొట్టినా తీయలేదు. పొరుగువారు వచ్చి పగలగొట్టేసరికి అతని పెదవులు నీలంగా ఉన్నాయి.

"కొన్ని వారాలుగా మాత్ర కూడా మానేసి, మళ్లీ ఆ ఇంజెక్షన్ పాత డోసే తీసుకున్నాడు. శరీరం దాన్ని తట్టుకోలేకపోయింది," అన్నారు ఐసీయూ డాక్టర్. "బ్రెయిన్‌కు ఆక్సిజన్ అందలేదు. ఎంతసేపో చెప్పలేం." పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. రెండో వాక్యం చదివేసరికి మొదటిది మరిచిపోతాడు. ఇది ఇంతకన్నా మెరుగవుతుందని ఎవరూ చెప్పలేదు. ఎలా మొదలైందని నేను మరొకసారి అడిగాను. నా ముఖంలోకి చూసి, "నేనేం తీస్కున్ననన్నా?" అన్నాడు. మేనమామ ఇప్పటికీ ఆ పిలగాడే అంటాడు. జోసెఫ్ చదువు ముగించుకొని వెళ్లిపోయాడు, నా ఫోన్ ఎత్తడు.

మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. కొన్నాళ్లు మానిన శరీరానికి పాత మోతాదే ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే రోజూ మాత్ర కరిగేదాకా పక్కన కూర్చునే మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరైనా సరే, తరిమేయకండి.

పోయినవి: చదువు, కుడిచేతి పట్టు, రెండేళ్ల జ్ఞాపకం, జోసెఫ్.

మిగిలినవి: శ్వాస, గోడ పట్టుకొని నడక, అమ్మ పేరు, నా పేరు.