తెర మూలన అంకె

మా బావగారు పోయారని మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తెలిసింది. అప్పుడు నేను ఆయన గదిలో కంప్యూటర్ తెర తుడుస్తున్నాను. గుంటూరు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "అన్నయ్య లేడే" అన్నారు. గుడ్డ నా చేతిలోనే ఉంది. తెర కింది మూలన ఒక అంకె పెరుగుతూనే ఉంది. ఆదివారం ఆసుపత్రికి బయల్దేరుతూ బావగారు ఆపకుండా వదిలేసి వెళ్ళిన కంప్యూటర్ పరీక్ష అది.

బావగారు మా ఆయనకు అన్న. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుండగా షుగరు ముదిరి కిడ్నీలు చెడి, నరసరావుపేట వచ్చేసి ఇంటి నుంచే పని చేసుకునేవారు. పెళ్ళి చేసుకోలేదు. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది ఆయనతో మాట్లాడిందే లేదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ముందు కూర్చోదు, అడగనిదే నోరు తెరవదు. చక్కెర లేని కాఫీ గడప పక్కన పెట్టి, గాజులు కాస్త చప్పుడు చేసి వెళ్ళిపోయేదాన్ని. లోపల్నుంచి "ఆఁ" అని వినపడేది. అంతే.

పోయిన ఎండాకాలం ఆయన కళ్ళల్లో రక్తం దిగింది. ఇంజెక్షన్లు వేయించినా తెర మీది అక్షరాలు ఆయనకు మసకే. చదివి వినిపించే మిషన్ గొంతు ఒకటి పెట్టుకున్నారు గానీ దానితో పడలేదు. "సగం గుర్తులు మింగేస్తంది ఇది" అనేవారు. మా ఆయన పొద్దున్నే పురుగుమందుల కొట్టుకు పోతారు. అత్తయ్యకు చదువు రాదు. ఇక మిగిలింది నేను. ఏడో తరగతి దాకా చదివాను. ఏబీసీడీలు, అంకెలు గుర్తుపడతాను.

"అమ్మాయ్, నీకు అర్థం కావక్కర్లా. ఉన్నది ఉన్నట్టు చదువు చాలు" అన్నారు.

మొదటి రోజు నిలబడే చదివాను. మూడు గంటలయ్యాక ఆయనే తడుముకుంటూ వెళ్ళి స్టూలు తెచ్చి వేశారు. అత్తయ్య వాకిట్లోంచి చూసి, "ఏమే, బావగారి పక్కన కూర్చుంటన్నావా" అంది. "అది కూర్చోకపోతే నా ఉద్యోగం కూర్చుంటదమ్మా" అన్నారాయన.

కొన్ని గుర్తుల పేర్లు నాకు తెలియవు. వంకర బ్రాకెట్టు చూసి ఏమనాలో తెలియక "మీసం" అన్నాను. ఆయన చానాసేపు నవ్వారు. ఆ రోజు నుంచి "మీసం తెరిచి మూయలేదు, చూడమ్మాయ్" అని ఆయనే అనేవారు.

ఆ పనేమిటో ఆయన ఒకసారి చెప్పారు. కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒక పెద్ద ప్రోగ్రామ్ ఉంటుంది. మిగతావన్నీ దాని చేతికింద నడుస్తాయి. ఎక్కడ ఎంత ఆలస్యమవుతోందో కనిపెట్టే పనిముట్టు ఒకటి ఉంది గానీ, అది కెర్నెల్ లోపలే చూడగలదు. మనం వాడుకునే మామూలు ప్రోగ్రాముల్లోకి కూడా అది చూడగలిగేలా చెయ్యడమే ఆయన పని.

"ప్రోగ్రామ్‌లో ఒక అడుగు తీసి పక్కన దాస్తాం. దాని చోట ఆగమనే గుర్తు పెడతాం. ప్రోగ్రామ్ అక్కడికొచ్చి ఆగుతుంది. మనం లెక్క రాసుకుని, దాచిన అడుగు వేయించి పంపేస్తాం. చూస్తున్నట్టు దానికి తెలియకూడదు, నువ్వు గడప అవతల నిలబడి చూస్తావే, అట్టా." నేను తల దించుకున్నాను. ఆయనకు కనపడదని కూడా గుర్తు రాలేదు. "పని అయ్యాక మాత్రం తీసింది తీసినచోట పెట్టి రావాలి. మర్చిపోతే పాపం ఆ ప్రోగ్రామ్ చచ్చిపోద్ది."

తెర మీద ఆ దాచిన అడుగు "ఐదు ఐదు" అని కనపడేది. ఆగమనే గుర్తు "సి సి". తీసేశాక మళ్ళీ ఐదు ఐదు రావాలి. రోజుకు పాతికసార్లు ఆయన అడగడం, నేను చదవడం.

ఒకసారి నావల్ల పూట పని పాడైంది. తెర మీద ఒక చుక్కను మురికి అనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. సరేలే అని వదిలేసి చదివాను. ఆ చుక్క కోసం ఆయన మధ్యాహ్నం దాకా వెతికారు. బావగారు ఒక్క మాట అనలేదు గానీ, రాత్రి అన్నం దగ్గర మా ఆయన అన్నారు: "అడిగింది చెప్పు చాలు. సొంత తెలివి వాడమాక."

ఆ మాట నాలో ఉండిపోయింది.

బావగారు రాసిన మార్పులను అవతల దేశాల్లో ఉండే పెద్దవాళ్ళు కొందరు చూసి, బాగుంటే కలుపుకుంటారు. అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఈసారి కూడా కుదరకపోతే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని కంపెనీవాళ్ళు చెప్పేశారు. ఆయన పోవడానికి కొన్ని వారాల ముందటి మాట ఇది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా పంపాలి. ఆ చూపుతో ఇంకో పని ఎవరిస్తారని అత్తయ్య వారం నుంచి పూజగదిలోంచి లేవడం లేదు.

శుక్రవారం రెండున్నరకు ఆఖరి పరీక్ష. "గుర్తు తీసేశాను. ఏమొచ్చింది?"

"ఐదు ఐదు వచ్చిందండి."

"హమ్మయ్య" అని ఆయన వెనక్కి వాలారు.

అప్పుడే కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కూత మొదలుపెట్టింది. దాని మీద కంప్యూటర్ పది నిమిషాలు కూడా నడవదు. ఆయన గబగబా మార్పులు పంపే ఈమెయిల్ సిద్ధం చేశారు. నేను చదువుతున్నాను గానీ నా కళ్ళు కింది మూలకే పోతున్నాయి. అక్కడ చిన్న పెట్టెలో ఒక అంకె పొద్దున్నుంచీ పెరుగుతూ ఉంది. ఇప్పుడది ఆగిపోయింది. ఆయన తీసేశానన్నప్పుడే ఆగింది. అది ఆగాల్సిందేనేమో. పెద్దవారికి తెలియకుండా ఉంటుందా? ఆయన దాని గురించి అడగలేదు. కూత గట్టిగా వినపడుతోంది. ఆయన వేలు ఎంటర్ మీట కోసం తడుముతోంది.

"బావగారూ."

వేలు ఆగింది. అడక్కుండా ఆయన్ని పిలవడం అదే మొదలు.

"ఆ మూలన అంకె ఆగిపోయిందండి."

"ఏ మూల?"

"కింద, కుడిపక్క. పొద్దున్నుంచీ పెరుగుతా ఉంది. మీరు గుర్తు తీసినప్పుడు ఆగింది."

సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. పొద్దున ఇంకో పరీక్ష మొదలుపెట్టి, కనపడక, మూయడం మర్చిపోయారు. ఆ అంకె దాని లెక్కే. ఒకే ప్రోగ్రామ్‌ను ఒకే చోట రెండు పరీక్షలు చూస్తున్నాయి. ఒకటి తన పని ముగించి వెళ్తూ, రెండోదాని గుర్తు కూడా పీకేసింది. ఇద్దరు చూస్తుంటే ఒకరు వెళ్ళినా రెండోవారి లెక్క చెడకూడదు. ఆయన రాసినదాంట్లో తప్పు అదీ.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మరుక్షణం తెర ఆరిపోయింది.

కంపెనీకి ఫోన్ చేసి సోమవారం దాకా గడువు అడిగారు. ఏ మాటా ఇవ్వలేమన్నారు అవతల. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "దాని మాట పట్టుకుని నోటికాడ కూడు తోసేసుకుంటావంట్రా" అంది. బావగారు, "తప్పని తెలిశాక పంపలేనమ్మా" అన్నారు. ఆ మూడు రోజులు నాకు అన్నం దిగలేదు.

తప్పు సరిచేసి సోమవారం పంపారు. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. రెండే లైన్లు. నేను ఒక్కొక్క అక్షరం చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. కలుపుకున్నారట. ఆయన లేచి, తడుముకుంటూ వంటింటి దాకా వచ్చి అత్తయ్యతో చెప్పారు: "అమ్మా, ఈ పూట అమ్మాయికి ముందు వడ్డించు."

సోమవారం పంపేముందే ఆయన నా పేరు అడిగారు. పుట్టింటి పేరా, అత్తింటి పేరా అని కూడా అడిగారు. తప్పు చూసి చెప్పినవారి పేరు ఆ మార్పు కింద రాయడం వాళ్ళ పద్ధతట. వద్దండీ, నాకు సిగ్గు అన్నాను. "సిగ్గు నీది. పద్ధతి వాళ్ళది" అని రాసేశారు. పుట్టింటి పేరే రాశారు.

ఆయన పోయిన మంగళవారం మధ్యాహ్నం, ఆయన్ని తీసుకొచ్చే బండికంటే ముందు, దేహాన్ని ఉంచే ఐసు పెట్టె వచ్చింది. దాన్ని ముందు గదిలో దించారు. దానికి సరిపోయే పెద్ద ప్లగ్గు ఇంట్లో బావగారి గదిలోదొక్కటే. పెట్టె తెచ్చినాయన లోపలికొచ్చి కంప్యూటర్ వైరు పట్టుకున్నాడు.

"ఆగండి" అన్నాను.

అందరూ నావైపు చూశారు. ముందు గదిలో మా పెదమామగారు, ఊరి పెద్దలు ఉన్నారు. "ఏందమ్మా, బండి ఊరి దగ్గరకొచ్చిందంట, ఆగేదేంది" అన్నాడతను.

"ఒక్క నిమిషం. తీసింది పెట్టి వస్తాను."

ఎవరికీ అర్థమై ఉండదు. అత్తయ్య గోడకు చేరగిలబడి ఉంది. ఏడుపు ఆపి, "దాన్ని చెయ్యనీండయ్యా" అంది.

స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మూలన అంకె పెరుగుతోంది. పరీక్ష ఆపడానికి ఆయన నేర్పిన అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ కొట్టాను. ఒకసారి తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టాను. అంకె ఆగింది. సి సి పోయింది.

"ఐదు ఐదు వచ్చిందండి" అన్నాను, పక్కన కుర్చీవైపు తిరిగి.

కంప్యూటర్ ఆపి, వైరు నేనే పీకాను. పెట్టె వైరు అందుకుని అదే ప్లగ్గులో పెట్టాను. ముందు గదిలో ఐసు పెట్టె సన్నగా మోగడం మొదలైంది. వీధి చివర బండి హారన్ వినపడింది.