లిఫ్టులో ఎవరూ లేరన్నారు

ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిన నన్ను ఏ మాస్టారూ కదపలేకపోయారు. అందుకే కాబోలు, ఆగిపోయిన లిఫ్టుల్ని కదిపే పనిలో చేరాను.

2022 ఎండాకాలం. అమీర్‌పేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. లిఫ్టు రెండో అంతస్తు దాటీ దాటక ఆగిపోయింది. అసోసియేషన్ సెక్రటరీ గారు కింద నిలబడి, "లోపల ఎవరూ లేరయ్యా, నేను పిలిచి చూశాను. త్వరగా కానివ్వు" అన్నారు. నేనూ రెండో అంతస్తు తలుపు కొట్టి, "ఎవరన్నా ఉన్నరా?" అని అరిచాను. తలుపుకున్న సన్నటి అద్దంలోంచి చూస్తే చీకటి. జవాబు లేదు.

టెర్రస్ మీద మోటారు గదికి వెళ్లి మెయిన్ ఆపేశాను. ఇలాంటప్పుడు చేసేది బ్రేక్ రిలీజ్. అంటే ఒక చేత్తో బ్రేకు లివరు ఎత్తిపట్టి, రెండో చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టును పై అంతస్తుకు చేర్చడం. చక్రం పావు చుట్టు తిరిగిందో లేదో, తాళ్లు దిగే రంధ్రంలోంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"తమ్మీ, ఆపు. కాలు బయటున్నది."

లివరు వదిలేశాను. బ్రేకు పట్టింది. ఏం చూడాల్సి వస్తుందోనని అనుకుంటూనే రెండేసి మెట్లు దూకుతూ రెండో అంతస్తుకు దిగాను.

ఐదో అంతస్తులో ఇంటిపని చేసే యాదమ్మ. బోరబండ నుంచి వస్తుంది. నేను పైకి వెళ్లిపోయాక, ఎవరి కంటా పడకుండా దూకేద్దామని తలుపులు తెరిచి కాలు కిందికి వేలాడేసింది. లిఫ్టు ఇంకో మూర లేచి ఉంటే ఆ కాలు గుమ్మం పైగోడకు నలిగిపోయేది. చెయ్యందించి రెండో అంతస్తులోకి దింపాను.

"పిలిస్తె పలకవేందక్కా? పానం మీద భయం లేదా?"

"ఉన్నది. గా బోర్డు సుత ఉన్నది, చూడు."

లిఫ్టు పక్క గోడ మీద రాసి ఉంది: పనివాళ్లు లిఫ్టు వాడరాదు.

"మోకాళ్లు నొస్తుంటె ఎక్కిన. సార్‌కు తెలిస్తె పనికి రానియ్యడు. జర చెప్పకు తమ్మీ."

కింద సెక్రటరీ గారు, "ఏంటయ్యా ఆ అరుపు?" అన్నారు. "నాదే సార్, వేలు నలిగింది" అన్నాను. వెంటనే నమ్మేశారు. నా పనితనం మీద ఆయనకు అంత నమ్మకం.

కిందపడి చావడానికన్నా దొరికిపోవడానికే భయపడే మనిషి లోపల ఉండొచ్చని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు "ఉంటే పలకండి, ఎవ్వరికీ చెప్పను" అని పిలుస్తాను. తలుపు తీసి, టార్చి వేసి మూలలన్నీ చూశాకే పైకి వెళతాను. అయినా లివరు ఎత్తే ముందు ప్రతిసారీ ఆ తాళ్ల రంధ్రం దగ్గర చెవి పెట్టి వింటాను.

నెల తర్వాత సర్వీసింగుకు వెళితే, యాదమ్మ మూడో అంతస్తు మెట్ల మీద రొప్పుతూ కూర్చుని ఉంది. పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఓ ఆటో వెనక చదివిన జ్ఞానం ఊరికే పోనివ్వడమెందుకని, "సంతోషం మనసుల ఉంటదక్కా, లిఫ్టుల, మెట్లల్ల ఉండదు" అన్నాను.

"అట్లనా తమ్మీ? అయితె మనసును పైకి పంపిస్త, గిన్నెలు అదే తోముకొస్తది. మోకాళ్లు నాతోని ఈడ్నే కూసుంటయ్."